చిన్న టెలిస్కోపుతో నెబ్యులా ఫొటో: గంజాం నుంచి కొరాపుట్ దాకా సరిహద్దు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, కొరాపుట్ అన్నీ ఇంచుమించు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. ధ్రువ నక్షత్రం మనకు అంతే ఎత్తులో కనిపిస్తుంది. చేయి చాచి పట్టిన పిడికిలి పది డిగ్రీలు అనుకుంటే, రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఉత్తరాన ఒక కొండో నాలుగు కొబ్బరిచెట్లో అడ్డుంటే అది కనపడనే కనపడదు. నెబ్యులాల (చుక్కల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘాల) ఫొటోల మీద దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం ధ్రువ నక్షత్రం నలభై, యాభై డిగ్రీల ఎత్తున ఉండే దేశాల వాళ్లు రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే మొదటి రాత్రే మౌంటు (టెలిస్కోపును మోసి తిప్పే పీఠం) సర్దడం దగ్గర చిక్కుకుపోతాం.

అదే అక్షాంశం వల్ల మనకు దక్కే మేలూ ఉంది. లగూన్ నెబ్యులా (ఎం8) లండన్‌లో 14 డిగ్రీలకు మించి పైకి రాదు. మనకు 46 డిగ్రీలు ఎక్కుతుంది. కరీనా నెబ్యులా అక్కడివాళ్లకు ఎప్పటికీ ఉదయించదు. గోపాల్‌పూర్ తీరాన నిలబడితే ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన సముద్రం మీద 11 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి మన ఆకాశాన్ని, మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకుని రాసింది.

ముందు పంచాంగం తెరవండి

నెబ్యులాకు మొదటి శత్రువు చంద్రుడు. ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరే దీనికి చాలు. బహుళ ద్వాదశి నుంచి శుద్ధ తదియ దాకా రాత్రి దాదాపు మొత్తం చీకటే. బహుళ అష్టమి నాడు చంద్రుడు అర్ధరాత్రికి అటూ ఇటూగా ఉదయిస్తాడు కాబట్టి ముందు సగం మనది. శుద్ధ అష్టమి నాడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు కాబట్టి వెనక సగం మనది. సూర్యుడు గూకిన గంటంబావుకు గాని అసలు చీకటి పడదు. ఆ లోపు తీసిన ఫ్రేములు (విడి ఫొటోలు) వెలిసిపోయి ఉంటాయి.

తరవాత రుతువు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు. అక్టోబరు నమ్మలేం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ ఈ తీరాన్ని అక్టోబరులోనే తాకాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు అసలైన పంట కాలం. ఫిబ్రవరి చివర్లో కొండల మీద పోడు మంటలు మొదలవుతాయి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఎండుటాకులు కాల్చేదీ అప్పుడే. ఆ పొగ ఏప్రిల్ దాకా లోయల్లో నిలిచి ఉంటుంది. చుక్కలు కంటికి కనిపిస్తున్నా ఫొటోలో నేపథ్యం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ నెలల్లో మంచి వాన పడ్డ మర్నాటి రాత్రిని వదులుకోకండి. పొగ, దుమ్ము కడుక్కుపోయి ఉంటాయి. దీపావళి అమావాస్య ఎంత చీకటైనా బాణసంచా పొగ వల్ల పనికిరాదు. రెండు రోజులు ఆగండి.

ఏ నెలకు ఏది అంటే: నవంబరులో చీకటి పడగానే రెండు, మూడు గంటలు నార్త్ అమెరికా నెబ్యులా (ఎన్‌జీసీ 7000). అది పడమటికి వాలాక ఉత్తరాన హార్ట్ నెబ్యులా (ఐసీ 1805). డిసెంబరు, జనవరిల్లో ఓరియన్ నెబ్యులా (ఎం42), రోజెట్ (ఎన్‌జీసీ 2237). ఎం42 డిసెంబరు మధ్యలో అర్ధరాత్రికి, జనవరి మధ్యలో పదింటికి, ఫిబ్రవరి మధ్యలో ఎనిమిదింటికి నడినెత్తికి దగ్గరగా, 65 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లగూన్ కోసం ఏప్రిల్ చివర్లో తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. అది అర్ధరాత్రికి నడిమింటికి వచ్చేది జూన్ చివర్లో, అప్పటికి వానలు వచ్చేస్తాయి.

మొదటి నెబ్యులాగా ఎం42 తీయండి. కాంతి ఎక్కువ, వెతకక్కర్లేదు, మార్పు చేయని మామూలు కెమెరాకు కూడా దొరుకుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: ఒక రాత్రిలో ఐదు నెబ్యులాలు తీయాలన్న ఆశ వదిలేయండి. ఒకే నెబ్యులా మీద రాత్రంతా ఉండండి, వీలైతే రెండు, మూడు రాత్రులు. చిన్న అద్దం తక్కువ కాంతి పోగుచేస్తుంది. ఆ లోటును తీర్చేది కాలం ఒక్కటే.

సామాను: దేనికి ఖర్చు పెట్టాలి

డబ్బు తక్కువగా ఉంటే టెలిస్కోపులో తగ్గించుకోండి, మౌంటులో తగ్గించుకోకండి. 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) దగ్గర కదలని ట్రైపాడ్ మీద కెమెరా పెడితే ఒక్క సెకనులోనే చుక్క ఏడు పిక్సెళ్లు జరిగిపోతుంది. భూమి తిరుగుడుకు ఎదురు తిరిగే ఈక్వటోరియల్ మౌంటు కావాలి. దాని మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాసి ఉంటుందో, ఫొటోకి అందులో సగమే ఎక్కించండి. కొనేముందు అక్షాంశం స్కేలు 19 డిగ్రీలకు దిగుతుందో లేదో అడగండి. అంత కిందికి దించినప్పుడు కొన్ని మౌంట్లలో బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కడ్డీ ఏ కాలికి తగులుతోందో చూసి ట్రైపాడ్‌ను తిప్పి పెట్టాలి, లేదా మౌంటు కింద ఎత్తు పెంచే గొట్టం వేయాలి.

టెలిస్కోపు 60 నుంచి 80 మి.మీ. అపోక్రోమాట్ (రంగులన్నిటినీ ఒకే చోట ఫోకస్ చేసే లెన్సు టెలిస్కోపు) అయితే మంచిది. ఇక్కడి లెక్కలన్నీ 66 మి.మీ. వ్యాసం, ఎఫ్/6, అంటే సుమారు 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కు వేస్తున్నాం. మామూలు అక్రోమాట్ ఉంటే చుక్కల చుట్టూ ఊదా వలయాలు వస్తాయి. డ్యుయల్ బ్యాండ్ ఫిల్టరు (రెండు రంగుల కాంతిని మాత్రం వదిలేది) వేస్తే అవి చాలావరకు పోతాయి కాబట్టి ఉన్నదాన్ని పారేయనక్కర్లేదు.

కెమెరాకు, టెలిస్కోపుకు జోడీ కుదిరిందా అని చూసే లెక్క ఒకటుంది. పిక్సెల్ సైజు మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 4.3 మైక్రాన్ల పిక్సెల్, 400 మి.మీ. అయితే ఒక్కో పిక్సెల్‌కు 2.2 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వస్తుంది. చిన్న టెలిస్కోపుకు 1.5 నుంచి 3 మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఏపీఎస్-సీ (మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే సైజు) సెన్సారుతో 3.2 డిగ్రీల వెడల్పు, 2.1 డిగ్రీల ఎత్తు పడుతుంది. ఒకటిన్నర డిగ్రీలు కూడా లేని రోజెట్ అందులో చుట్టూ ఖాళీతో కూర్చుంటుంది.

నెబ్యులాల ఎరుపు హైడ్రోజన్ ఆల్ఫా కాంతి, 656.3 నానోమీటర్లు. కంపెనీ నుంచి వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సారు ముందున్న ఫిల్టరు దీన్ని చాలావరకు ఆపేస్తుంది. ఆ ఫిల్టరు తీయించిన కెమెరాతో రోజెట్ గంటలోనే కనిపిస్తుంది, తీయించకపోతే మూడు గంటలకూ మసకే. తీయించాక పగటి ఫొటోలు ఎర్రగా వస్తాయి కాబట్టి పాత కెమెరాను దీనికోసమే కేటాయించడం మేలు.

ఫ్లాటెనర్ (మూలల్లోనూ చుక్కలు గుండ్రంగా వచ్చేలా చేసే లెన్సు) వాడితే దాని వెనక మర నుంచి సెన్సారు దాకా దూరం సాధారణంగా 55 మి.మీ. ఉండాలి. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 44, టీ-రింగు (కెమెరాను తగిలించే రింగు) 11, సరిగ్గా సరిపోతుంది. మిర్రర్‌లెస్ కెమెరాలో 18 మాత్రమే ఉంటే మిగతా 37 మి.మీ. గొట్టంతో నింపాలి. మధ్యలో 2 మి.మీ. మందం ఫిల్టరు పెడితే ఈ దూరానికి దాని మందంలో మూడోవంతు, అంటే 0.7 మి.మీ., కలపాలి.

కరెంటు లెక్క కూడా ముందే వేసుకోండి. మౌంటుకు ఒక ఆంపియరు, మినీ కంప్యూటరుకు ఒకటి, మంచు పట్టకుండా వేసే హీటరుకు ఒకటి, కెమెరాకు ఒకటి అనుకుంటే మొత్తం నాలుగు. ఎనిమిది గంటలకు 32 ఆంపియర్-అవర్లు. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ రెండు గంటలు కూడా నిలవదు. 40 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక రాత్రికి సరిపోతుంది. వైర్లు మీరే చేసుకుంటే ప్లగ్గు లోపలి సూది ప్లస్సో కాదో మల్టీమీటరుతో చూశాకే తగిలించండి. ఒక్కసారి తిరగబడితే మౌంటు బోర్డు కాలిపోతుంది.

చోటు ఎంపిక

పర్లాకిమిడి, పాతపట్నం దీపాలు రెండూ కలిసి ఒకే వెలుగు గుట్టలా కనిపిస్తాయి. మీరు తీయబోయే నెబ్యులా ఏ దిక్కున ఉంటుందో చూసుకుని, ఊరు మీ వీపు వెనక ఉండేలా చోటు ఎంచుకోండి. డిసెంబరులో వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఒడ్డున పెట్టకండి. చల్లటి గాలి దిగి లోయలో చేరుతుంది, రాత్రి పదకొండుకే మంచు కమ్ముతుంది. అదే లోయకు యాభై, వంద మీటర్ల ఎత్తున వాలు మీద పెడితే మంచు కింద తెల్లటి దుప్పటిలా ఉండిపోయి పైన ఆకాశం తేటగా ఉంటుంది. కొరాపుట్ పీఠభూమి మీద తెల్లవారుజామున మంచు తప్పదు కాబట్టి ముఖ్యమైన ఫ్రేములన్నీ అర్ధరాత్రి లోపే ముగించేలా నెబ్యులాను ఎంచుకోండి.

అడవి అంచున ఒంటరిగా ఉండకండి. ఈ జిల్లాల్లో ఏనుగులు, ఎలుగుబంట్లు రాత్రి తిరుగుతాయి. ఊరి బయట తెలిసినవాళ్ల కళ్లం మంచి చోటు. నేల గట్టిగా ఉంటుంది, చుట్టూ చెట్లుండవు, పిలిస్తే పలికే మనుషులుంటారు. గోపాల్‌పూర్ ఇసుకలో ట్రైపాడ్ గంట గంటకూ దిగబడుతుంది. మూడు కాళ్ల కింద అడుగు చదరం ప్లైవుడ్ ముక్కలు వేయండి. ఇంటికి వచ్చాక బయటి లోహభాగాలన్నీ పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలి స్క్రూలను పట్టేస్తుంది.

మేడ మీద పెడితే స్లాబు ఊగుతుంది. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా అటూ ఇటూ తిరగకూడదు.

ధ్రువ సర్దుబాటు

మౌంటు అక్షం ఆకాశ ధ్రువం వైపు చూడాలి. ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, ముప్పావు డిగ్రీకి కాస్త తక్కువ పక్కగా ఉంటుంది. చుక్క కనిపించే చోటైతే పోలార్ స్కోపులో (మౌంటు అక్షంలో ఉండే చిన్న దుర్భిణిలో) దాన్ని వలయం మీద సరైన గంట దగ్గర కూర్చోబెడితే మొదటి మెట్టు అయింది. కానీ 19 డిగ్రీల ఎత్తులో పోలార్ స్కోపులోకి చూడాలంటే నేల మీద మోకరిల్లి మెడ వంచాలి. మంచు పొరలో చుక్క మిణుకుమంటుంటుంది, పక్కనున్న చుక్కను ధ్రువమనుకునే పొరపాటూ జరుగుతుంది.

అందుకే మన అక్షాంశానికి మూడు బిందువుల పద్ధతి మేలు. నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేరులో దీనికి ప్లగిన్ ఉంది. అది ఆకాశంలో మూడు చోట్ల ఫొటో తీసి, చుక్కలను గుర్తుపట్టి, అక్షం ఎంత తప్పిందో చెబుతుంది. ధ్రువ నక్షత్రం కనిపించనక్కర్లేదు. పని ఇలా చేయండి:

1. ఫోన్ దిక్సూచితో మౌంటును ఉత్తరానికి తిప్పండి. ఫోన్‌ను మౌంటుకు రెండు అడుగుల దూరంలో పట్టుకోండి, ఇనుము ముల్లును లాగుతుంది.
2. లెవెల్ చూసి ట్రైపాడ్ సరిచేయండి. అక్షాంశం స్కేలును 19కి పెట్టండి.
3. నీనాలో ఫోకల్ లెంగ్త్, పిక్సెల్ సైజు, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మొదటి రెండూ తప్పైతే చుక్కలను గుర్తుపట్టడం కుదరదు, అక్షాంశ రేఖాంశాలు తప్పైతే అక్షం లెక్క తప్పుతుంది.
4. ప్లగిన్ నడిపించి, అది చూపే తప్పును ముందు ఎత్తు మరతో, తరవాత పక్క మరలతో తగ్గించండి. రెండు ఆర్క్ నిమిషాల (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) లోపుకు తెస్తే చాలు.
5. మరలు బిగించాక మళ్లీ ఒకసారి కొలవండి. బిగించేటప్పుడే చాలామందికి ఐదారు ఆర్క్ నిమిషాలు జరిగిపోతుంది.

ఇంత కింద వాతావరణం చుక్కను దాదాపు మూడు ఆర్క్ నిమిషాలు పైకెత్తి చూపిస్తుంది. సాఫ్ట్‌వేరులో వక్రీభవనం సవరణ ఉంటే పెట్టుకోండి.

ఫోకస్

ఎఫ్/6 దగ్గర ఫోకస్‌కు ఉన్న సందు సుమారు 0.1 మి.మీ., ఒక విజిటింగ్ కార్డు మందం కూడా లేదు. కంటితో చూసి అయ్యే పని కాదు. బాటినోవ్ మాస్కు (గీతలుగా సందులు కోసిన మూత) కొనండి, లేదా మందపాటి నల్ల అట్టతో కోసుకోండి. దాన్ని టెలిస్కోపు మూతికి పెట్టి ఆర్ద్రనో రోహిణినో చూడండి. కెమెరా తెర మీద చుక్క చుట్టూ మూడు గీతలు వస్తాయి: రెండు ఎక్స్ ఆకారంలో, ఒకటి వాటి మధ్య నుంచి. ఫోకస్ తప్పినప్పుడు మధ్య గీత ఎక్స్‌కు ఒక పక్కకు జరిగి ఉంటుంది. మర తిప్పుతుంటే అది మెల్లగా కదిలి సరిగ్గా నడిమికి వస్తుంది. తెరను పది రెట్లు పెద్దది చేసుకుని చూడండి. నడిమికి వచ్చిందనిపించాక కొంచెం దాటించి మళ్లీ వెనక్కి తేండి, అప్పుడు అసలు నడిమి ఎక్కడో తెలుస్తుంది. లాక్ స్క్రూ బిగించాక ఇంకోసారి చూడండి, అది కూడా గొట్టాన్ని తోస్తుంది. మాస్కు తీయడం మరిచిపోకండి.

రాత్రి చల్లబడే కొద్దీ గొట్టం కుంచించుకుంటుంది. రెండు, మూడు డిగ్రీలు పడినప్పుడల్లా మళ్లీ ఫోకస్ చేయాలి. కొరాపుట్‌లో జనవరి రాత్రి ఏడుకూ పన్నెండుకూ మధ్య కనీసం మూడుసార్లు.

మంచు హీటరును మొదటి నుంచే తక్కువ మంటలో నడపండి. అద్దం మీద మంచు పట్టాక వేడిచేస్తే ఆరడానికి అరగంట పడుతుంది. చుక్కల చుట్టూ మసక వలయం మొదలైతే అది పల్చటి మబ్బో మంచో తేల్చుకోవడానికి టార్చి ఏటవాలుగా పట్టి అద్దాన్ని చూడండి. గుడ్డతో తుడవకండి.

గైడింగ్

గైడింగ్ అంటే ఒక చుక్కను వెంబడిస్తూ మౌంటు తప్పులను ఎప్పటికప్పుడు దిద్దడం. 30 మి.మీ. గైడ్ స్కోపు, చిన్న మోనో (నలుపు తెలుపు) కెమెరా, ఉచితంగా దొరికే పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేరు చాలు. కాలిబ్రేషన్‌ను ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా, దక్షిణోత్తర రేఖ పక్కన ఉన్న చుక్క మీద చేయండి. ఓరియన్ నడుము చుక్కలు దాదాపు ఆ మధ్యరేఖ మీదే ఉంటాయి. ఎక్స్‌పోజర్ 2 సెకన్లు. ఒక సెకను పెడితే మౌంటు గాలి మిణుకులను వెంటాడి ఇంకా చెడగొడుతుంది. మన 2.2 ఆర్క్ సెకన్ల లెక్కకు మొత్తం ఆర్‌ఎంఎస్ (గైడింగ్‌లో సగటు తప్పు) 1.2 ఆర్క్ సెకన్ల లోపు ఉంటే చుక్కలు గుండ్రంగా వస్తాయి. 0.5 కోసం రాత్రంతా అంకెలు మార్చుతూ కూర్చోకండి.

డిథరింగ్ తప్పనిసరి. ప్రతి మూడు, నాలుగు ఫ్రేములకు టెలిస్కోపు ఐదారు పిక్సెళ్లు అటో ఇటో జరిగేలా పెట్టండి. ఇది లేకపోతే స్టాకింగ్ (ఫ్రేములన్నిటినీ కలిపి ఒకే బొమ్మ చేయడం) అయ్యాక నేపథ్యమంతా వానజల్లు కురిసినట్టు ఏటవాలు గీతలు పడతాయి. వాటిని తరవాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు.

కేబుళ్లను మౌంటు తల దగ్గర ఒకసారి కట్టి, కొంచెం వదులు వదలండి. వేలాడే కేబులు గాలికి ఊగినా, కాలికి పట్టుకున్నా ఫ్రేము పోతుంది.

ఎక్స్‌పోజర్

ఒక ఫ్రేము ఎంతసేపు? హిస్టోగ్రాంలో (కెమెరా చూపే వెలుగుల పటంలో) గుట్ట ఎడమ అంచును వదిలి, నాలుగోవంతు నుంచి మూడోవంతు మధ్య నిలబడేంత. పల్లె ఆకాశంలో ఎఫ్/6 దగ్గర ఐఎస్‌ఓ 800లో ఇది 120 నుంచి 180 సెకన్లు. పట్నంలో 45 సెకన్లకే అక్కడికి వచ్చేస్తుంది. డ్యుయల్ బ్యాండ్ ఫిల్టరు వేస్తే 300 సెకన్లు. రాయగడ, బరంపురం మేడల మీద ఫొటో తీసేవాళ్లకు ఆ ఫిల్టరే దారి. అది హైడ్రోజన్ ఆల్ఫాను, 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ కాంతిని మాత్రం వదిలి వీధిదీపాలను ఆపుతుంది. నీలంగా మెరిసే ధూళికి, గెలాక్సీలకు మాత్రం పనికిరాదు.

ఎం42 సంగతి వేరు. దాని నడుమ ట్రపీజియం చుక్కల చుట్టూ 120 సెకన్లలో అంతా తెల్లగా మాడిపోతుంది. అందుకని మూడు రకాలుగా తీయండి: 120 సెకన్లవి 60, 30 సెకన్లవి 30, 5 సెకన్లవి 30. చివర కలుపుతారు.

ఫ్రేముల సంఖ్య నాలుగింతలైతే నాయిస్ (బొమ్మలో గరుకుదనం) సగమవుతుంది. గంట డేటాను రెండు గంటలకు పెంచితే తేడా కనిపిస్తుంది. ఐదు గంటలను ఆరుకు పెంచితే కనపడదు, ఇరవైకి పెంచాలి. ఎం42కు రెండు గంటలు, రోజెట్‌కు నాలుగు, హార్ట్‌కు ఆరు గంటలు మొదటి లక్ష్యంగా పెట్టుకోండి.

నెబ్యులా దక్షిణోత్తర రేఖ దాటేటప్పుడు మౌంటు తిరగబడాలి. రోజెట్ మనకు 76 డిగ్రీల ఎత్తుకు వెళ్తుంది. అప్పుడు కెమెరా ట్రైపాడ్ కాలికి దగ్గరగా వస్తుంది. మొదటిసారి నిద్రపోకుండా పక్కన నిలబడి చూడండి.

ఫ్లాట్లు, డార్కులు, బయాస్‌లు

బద్ధకం వేసి వదిలేసేది ఇక్కడే, బొమ్మ పాడయ్యేదీ ఇక్కడే. మన ఎర్రమట్టి దుమ్ము సెన్సారు మీద కూర్చుంటే ఫొటోలో బూడిదరంగు గారెల్లా కనిపిస్తుంది. ఫ్లాటు (సమానంగా పరుచుకున్న వెలుగును తీసిన ఫ్రేము) తప్ప దానికి మందు లేదు.

ఫ్లాట్లు: తెల్లవారగానే, కెమెరాను విప్పకముందు, ఫోకస్ ముట్టకుండా తీయండి. ఉతికిన తెల్ల బనియను గుడ్డను రెండు మడతలు వేసి ముడతలు లేకుండా టెలిస్కోపు మూతికి లాగి రబ్బరు బ్యాండు వేయండి. తేటగా ఉన్న ఆకాశం వైపు, సూర్యుడికి ఎదురుదిక్కుగా తిప్పండి. హిస్టోగ్రాం గుట్ట సగానికి రావాలి. 30 ఫ్రేములు. ఎల్‌ఈడీ పలక వాడితే మధ్యలో తెల్లకాగితాలు పెట్టి వెలుగు తగ్గించి ఎక్స్‌పోజర్ ఒక సెకనుకు దగ్గరగా ఉంచండి, లేకపోతే దాని మిణుకు గీతలుగా పడుతుంది.

డార్కులు (సెన్సారు వేడి వల్ల వచ్చే మచ్చలను తీసేయడానికి): మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్, అదే ఐఎస్‌ఓ, అదే చలిలో 25. ఇంటికొచ్చి గదిలో తీస్తే డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సారు వేడి ఎక్కువై కొలత తప్పుతుంది. సామాను సర్దుకుంటున్నప్పుడే కెమెరాను తీయనివ్వండి. కూలింగ్ కెమెరా ఉంటే ఒకసారి తీసిన డార్కులు నెలల తరబడి పనికొస్తాయి.

బయాస్‌లు (కెమెరా ప్రతి ఫ్రేములో చేర్చే కనీస విలువను కొలవడానికి): అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో 50. నిమిషం పని.

కంప్యూటరు మీద

కావాల్సిన సాఫ్ట్‌వేర్లు సిరిల్, గ్రాక్స్‌పర్ట్, స్టార్‌నెట్, గింప్. నాలుగూ ఉచితం. ముందు డిస్కు ఖాళీ చూసుకోండి. 24 మెగాపిక్సెళ్ల ఫ్రేము సిరిల్‌లో రంగులు విప్పాక ఒక్కోటి 288 ఎంబీ అవుతుంది, వరస కుదిర్చాక ఇంకో 288. వంద ఫ్రేములకు దాదాపు 58 జీబీ. సగంలో డిస్కు నిండితే స్క్రిప్టు ఆగిపోతుంది.

1. ఒక ఫోల్డరులో లైట్స్ (lights, నెబ్యులా ఫ్రేములకు), డార్క్స్ (darks), ఫ్లాట్స్ (flats), బయాసెస్ (biases) అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో నాలుగు ఫోల్డర్లు పెట్టండి. స్పెల్లింగు తప్పితే స్క్రిప్టు వాటిని చూడదు.
2. ఫ్రేములన్నీ ఒక్కొక్కటిగా తెరిచి మబ్బు వచ్చినవి, చుక్కలు సాగినవి తీసేయండి. పదో వంతు పోవడం మామూలే. ఉపగ్రహం గీత పడినవి ఉంచండి. ఇరవై పైన ఫ్రేములుంటే సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములతో పొసగని విలువలను వదిలేసే లెక్క) వాటిని తనే తుడిచేస్తుంది.
3. సిరిల్‌లో ఆ ఫోల్డరును హోంగా పెట్టి, కలర్ కెమెరా ప్రీప్రాసెసింగ్ స్క్రిప్టు నడపండి. డ్యుయల్ బ్యాండ్ డేటాకు హైడ్రోజన్, ఆక్సిజన్ విడదీసే స్క్రిప్టు వేరే ఉంది.
4. వచ్చిన బొమ్మ నల్లగా ఉంటుంది. భయపడకండి, కింద డిస్‌ప్లేను ఆటోస్ట్రెచ్‌కు మార్చండి. డిథరింగ్ వల్ల చిరిగిన అంచులను ముందే కత్తిరించండి. ఇవి ఉండగా నేపథ్యం తీయిస్తే లెక్కంతా తప్పుతుంది.
5. గ్రాక్స్‌పర్ట్‌తో నేపథ్యపు వెలుగు వాలు తీయండి. ఎక్కువ తప్పులు జరిగేది ఈ మెట్టులోనే. నమూనా బిందువులను మీరే పెడితే ఒక్కటి కూడా నెబ్యులా మీద పడకూడదు. పడితే సాఫ్ట్‌వేరు నెబ్యులానే మురికి అనుకుని తీసేస్తుంది, రోజెట్ చుట్టూ నల్లటి గుంట మిగులుతుంది. తీసేసిన నేపథ్యాన్ని వేరే బొమ్మగా చూపించమనండి. అందులో నెబ్యులా ఆకారం లీలగా కనిపించినా వెనక్కి వెళ్లి మళ్లీ చేయండి.
6. ప్లేట్ సాల్వ్ చేసి (బొమ్మలోని చుక్కలను గుర్తుపట్టించి), స్పెక్ట్రో ఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ నడపండి. నెట్టు కావాలి. చుక్కల అసలు రంగులతో పోల్చి ఇది తెలుపును సరిచేస్తుంది. తరవాత పచ్చ ఛాయ మిగిలితే పచ్చ నాయిస్ తీసే సాధనాన్ని ఒకసారి వాడండి.
7. స్టార్‌నెట్‌తో చుక్కలను, నెబ్యులాను రెండు బొమ్మలుగా విడదీయండి.
8. నెబ్యులా బొమ్మను జనరలైజ్డ్ హైపర్బోలిక్ స్ట్రెచ్‌తో నాలుగైదు చిన్న విడతల్లో సాగదీయండి, అంటే మసక భాగాల వెలుగు పెంచండి. ఒకేసారి లాగితే ప్రకాశమైన చోట్లు మాడిపోతాయి. హిస్టోగ్రాం ఎడమ అంచును ఎప్పుడూ కోయకండి. ఆకాశం కటిక నలుపు కాదు. కోసేస్తే నెబ్యులా చివరి పల్చటి పొగ మొత్తం పోతుంది, మూడు రాత్రులు కూర్చున్నది దానికోసమే.
9. చుక్కల బొమ్మను తక్కువగా సాగదీసి, రంగు కాస్త పెంచి, స్టార్ రీకాంపోజిషన్‌లో రెండూ కలపండి.
10. 16 బిట్ టిఫ్‌గా దాచుకుని గింప్‌లో తుది మెరుగులు. ఎం42 అయితే 30, 5 సెకన్ల బొమ్మలను పై పొరలుగా పెట్టి, మెత్తటి అంచున్న మాస్కుతో నడిమి భాగంలో మాత్రం కనిపించనివ్వండి.

నాయిస్ తీసే సాధనాన్ని సగం బలంతోనే వాడండి. పూర్తిగా వాడితే నెబ్యులా ప్లాస్టిక్ పూత పూసినట్టవుతుంది. ఫోన్‌లో చూసి తృప్తిపడకుండా, కంప్యూటరు తెర మీద నూరు శాతం సైజులో నాలుగు మూలలూ చూడండి.

మూలల్లో చుక్కలు ఏం చెబుతాయి

నాలుగు మూలల్లోనూ చుక్కలు మధ్య నుంచి బయటికి సాగి ఉంటే ఫ్లాటెనర్ దూరం తప్పింది. అర మిల్లీమీటరు చొప్పున మార్చి చూడండి. ఒక్క మూలలోనే చెడితే కెమెరా వాలింది, ఫోకసరు మరలు బిగించండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగితే గైడింగో, వేలాడే కేబులో. మధ్యలో గుండ్రంగా, మూలలకు వెళ్లే కొద్దీ వంపు గీతలైతే ధ్రువ సర్దుబాటు తప్పింది. అన్నీ గుండ్రంగానే ఉన్నా లావుగా ఉంటే ఫోకస్ లేదా మంచు.

స్టాక్ అయిన ఫైలునే కాదు, ఏరిన అసలు ఫ్రేములను కూడా దాచండి. వచ్చే అమావాస్యకు ఇదే నెబ్యులా మీద ఇంకో మూడు గంటలు తీసి అన్నిటినీ కలిపి స్టాక్ చేయవచ్చు. అందుకు కెమెరా అదే కోణంలో ఉండాలి. విప్పేముందు ఫోకసరు మీద, కెమెరా రింగు మీద ఎదురెదురుగా తెల్ల పెయింటుతో ఒక్కో చుక్క పెట్టండి. కెమెరా విప్పితే ఆ రాత్రి ఫ్లాట్లు ఇంకో రాత్రికి పనిచేయవు, మళ్లీ తీయాలి.